వెనక ఇరుసు సంగతి ఎవరడుగుతారు?

కారు కొన్నామని చెబితే మనవాళ్ళు అడిగేవి మూడే ప్రశ్నలు. ఎంత పడింది? లీటరుకు ఎంత ఇస్తుంది? ఎంత స్పీడు పోతుంది? మూడింటికీ జవాబు ఇంజను దగ్గరే ఉంటుంది. ఆ ఇంజను తీసిన బలాన్ని నేలకు అందించే వెనక ఇరుసు ఎలా ఉంది, దాన్ని మోసే కమాన్ కట్టలు ఎలా ఉన్నాయి, ఆ కట్టలను పట్టుకున్న కారు అడుగు ఎలా ఉంది అని అడిగినవారు నాకు ఇంతవరకు కనబడలేదు.

నాకు ఆ అలవాటు అంటించింది మా నాయనగారు. కోయంబత్తూరులో పొల్లాచ్చి రోడ్డు పక్కన లారీలకు, బస్సులకు కమాన్ కట్టలు కట్టే పట్టడ ఆయనది. 1920లో జి.డి. నాయుడుగారు పొల్లాచ్చి, పళని మధ్య బస్సు నడపడం మొదలుపెట్టిన ప్రాంతం మాది. మోటారు మాట మా తెలుగు ఇళ్ళల్లో అన్నంతోపాటే వడ్డించేవారు. నాయనగారు ఏ బండి వచ్చినా బానెట్ ఎత్తకుండా, ముందు వంగి వెనక అడుగున చూసేవారు. "గుర్రం ఎంత బలమైనదైనా బండి ఇరుసు విరిగితే ఎక్కడికి పోతాం రా?" అనేవారు. ఆ మాట 2023లో అమెరికాలో నాకు పనికొస్తుందని అనుకోలేదు.

ఆ ఏడు వేసవికి నేను మిచిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ దగ్గరున్న మా మేనల్లుడి ఇంటికి వెళ్ళాను. మా చెల్లెలు కొడుకు దగ్గరే ఉంటోంది. నేను బయలుదేరే ముందే ఫోనులో తన మనసులో మాట చెప్పింది: "అన్నా, వాడు నామాట వినడు, నీమాట వింటాడు. ఆ పాత బండి అమ్మేయమని గట్టిగా చెప్పు." ఆ బండి 1967 షెవ్రోలే కమారో.

మన పాఠకుల్లో చాలామందికి ఈ కార్ల సంగతి తెలియకపోవచ్చు కాబట్టి రెండు మాటలు చెబుతాను. అమెరికాలో మజిల్ కార్లు అని ఒక జాతి ఉంది. కండల కార్లు అనుకోండి. మధ్యతరగతి మనిషి కొనగల మామూలు కారులో చాలా పెద్ద ఇంజను పెట్టి అమ్మడం దీని సూత్రం. 1964లో వచ్చిన పాంటియాక్ జి.టి.ఓ.తో ఈ వరస ఊపందుకుందని చెబుతారు. పొగ నిబంధనలు, పెరిగిన ఇన్సూరెన్సు, 1973 చమురు సంక్షోభం కలిసి దాన్ని పదేళ్ళు తిరక్కుండానే అణిచేశాయి. ఫోర్డు ముస్టాంగ్‌కు పోటీగా 1966 చివర్లో వచ్చిన కమారోను నిజానికి పోనీ కారు అంటారు. పెద్ద ఇంజను వేసిన కమారోలను మాత్రం జనం కండల కార్లలోనే కలిపేశారు.

మావాడి కారు పుట్టుకతో అంత కండగలది కాదు. పక్కింటి పెద్దాయన ఒక కార్ల ఫ్యాక్టరీలో పని చేసి రిటైరయ్యారు. ఆయన తన 22వ ఏట దాన్ని ఆరు సిలిండర్ల ఇంజనుతో కొన్నారు. ఆ మూల రకానికి కంపెనీ చెప్పిన లెక్క 140 హార్స్ పవర్. కొన్నేళ్ళకు మోజు పుట్టి, ఆయనే ఆ ఇంజను దించి 350 క్యూబిక్ ఇంచుల వి-8 ఎక్కించారు. 1967లో ఇదే కారు పై రకంలో వేసిన ఆ సైజు ఇంజనుకు కంపెనీ లెక్క 295. మన అంబాసిడర్ పాత 1489 సి.సి. ఇంజను 50 దరిదాపుల్లో ఇచ్చేదని గుర్తు తెచ్చుకుంటే తేడా అర్థమవుతుంది. అంటే 140 కోసం కట్టిన వీపు మీద దానికి రెట్టింపు బరువు పని పెట్టారన్నమాట. వీపును మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

ఆయన 2019లో కారును మావాడికి అమ్ముతూ ఒకే షరతు పెట్టారు: "ఏమైనా చేసుకో, దాన్ని కోయకు."

మా చెల్లెలి భయానికి కారణం లేకపోలేదు. నేను వెళ్ళడానికి రెండు నెలల ముందు, వానలో హైవే ఎక్కే మలుపు దగ్గర మావాడు యాక్సిలరేటరు కాస్త తొక్కగానే వెనక చక్రాలు కప్పలా గెంతడం మొదలుపెట్టాయట. తోక పక్కకు తిరిగింది. దెబ్బలేమీ తగల్లేదు గాని, పక్క సీట్లో కూర్చున్నది మావాడి కూతురు. 16 ఏళ్ళ పిల్ల. అప్పుడే డ్రైవింగు నేర్చుకుంటోంది, నేర్చుకున్నాక ఆ కారే నడుపుతానని పట్టు పట్టింది. ఇక నాయనమ్మకు నిద్ర ఎలా పడుతుంది?

నేను వెళ్ళిన మరునాడే కారును స్టాండ్ల మీదకు ఎత్తించి కిందికి దూరాను. చూడగానే నాయనగారు గుర్తొచ్చారు. మన లారీకి ఒక్కో వైపు ఎనిమిదో పదో పట్టీలు కట్టగా ఉంటాయి. ఈ కారుకు ఒక్కో వైపు ఒక్కటే పట్టీ! 1967లో దాన్ని అలాగే చేశారు. మెత్తగా నడుస్తుంది, ఖర్చు తక్కువ. కాని ఇంజను గట్టిగా తోసినప్పుడు ఇరుసు చక్రాలకు ఎదురు దిశలో మెలితిరగాలని చూస్తుంది. ఆ మెలికను ఆపవలసింది కమానే. ఒంటి పట్టీ ఆపలేక పాములా వంకర తిరుగుతుంది, టైరు పట్టు వదులుతుంది, పట్టీ టక్కున వెనక్కి వస్తుంది, టైరు మళ్ళీ నేలను కరుస్తుంది. ఇది సెకనులో ఎన్నోసార్లు జరిగితే అదే కప్పగెంతు. ఈ సంగతి కంపెనీ వాళ్ళకూ తెలిసింది. 1968లో ఒక షాక్ అబ్సార్బరును ఇరుసుకు ముందు, రెండోదాన్ని వెనక పెట్టారు. బలమైన రకాలకు ఎక్కువ పట్టీల కమాన్లు ఇచ్చారు. మావాడి కారుకు ఇవేవీ లేవు. పైగా 56 ఏళ్ళ వయసుకు ఎడమ పట్టీ కుడిదానికన్నా ఒక అంగుళం కిందికి కూర్చుంది. బుష్‌లలో రబ్బరు పొడిపొడిగా రాలింది.

రెండో సంగతి ఛాసీ. లారీకి ముందునుంచి వెనకదాకా రెండు పొడుగాటి దూలాలు ఉంటాయి. అంబాసిడర్‌కు అసలు విడి ఛాసీయే లేదు, బాడీయే ఛాసీ. ఈ కమారో రెంటికీ మధ్యరకం. ముందు సగానికి ఇంజనును, ముందు చక్రాలను మోసే ఒక చిన్న ఛాసీ ఉంది. దాన్ని రబ్బరు దిమ్మల మీద నాలుగు బోల్టులతో బాడీకి తగిలించారు. వెనక సగంలో బాడీ రేకే బలం. ఈ రెండు సగాల మధ్య మనుషులు కూర్చునేచోట పలుచని అడుగు రేకు తప్ప గట్టి లంకె లేదు. ఇంటి ముందు వాలులో ఒక చక్రం ఎత్తున, ఒకటి పల్లాన ఆగితే తలుపు సాఫీగా పడదు. బాడీ అంతగా మెలిపడుతుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర చెల్లెలు నావంక చూసింది. మేనల్లుడూ చూశాడు. నేను చెప్పింది ఇద్దరికీ నచ్చలేదు. "అమ్మితే అపాయం పోదమ్మా, కొన్నవాడి ఇంటికి పోతుంది. బాగుచేసి తర్వాత ఆలోచిద్దాం" అన్నాను. మావాడితో, "నాయనా, ఇది బాగయ్యేదాకా పిల్లను ఇందులో ఎక్కించొద్దు" అన్నాను.

ఎలా బాగుచేయాలన్నదాని మీద వారం రోజులు వాదన నడిచింది. మావాడికి కొత్త పద్ధతి కావాలి. కమాన్లు పూర్తిగా తీసేసి, ఇరుసును నాలుగు కడ్డీలతో పట్టి, చుట్టల స్ప్రింగులు వేసి, వెడల్పాటి టైర్ల కోసం చక్రాల గూళ్ళు లోపలికి కోసి పెంచడం. పందేల వాళ్ళకు అది మంచిదే. నేను, "మామా అని పిలిచావు గనుక చెబుతున్నా. నువ్వు పందేనికి పోతున్నావా, పిల్లను బడికి తీసుకుపోతున్నావా? పక్కింటాయనకు ఇచ్చిన మాట సంగతేమిటి?" అని అడిగాను. బోల్టు తీస్తే పాత రూపు వస్తుంది, కోసింది మాత్రం తిరిగి రాదు. చివరకు బోల్టులతో అయ్యే పనులన్నీ ముందు చేద్దామని ఒప్పుకున్నాడు.

మొదట అడుగంతా సుత్తితో తట్టి చూశాం. చలికాలం అక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. డెట్రాయిట్ నగరం కిందే 1,100 అడుగులకు పైగా లోతున ఉప్పుగని ఉందంటే చూడండి! ఆ ఉప్పు ఎన్నో పాత కార్లను తినేసింది. పెద్దాయన చలికాలంలో కారును షెడ్డులోంచి కదిలించలేదు కాబట్టి మాకు మంచి ఇనుము దొరికింది. కమాను ముందు కన్ను కూర్చునే గూళ్ళు గట్టిగా ఉన్నాయి. అవి తుప్పు పట్టి ఉంటే ఎంత మంచి కమాను వేసినా దండగే.

తర్వాత ఒంటి పట్టీలు తీసి ఎక్కువ పట్టీల కమాన్లు, వాటికి తగ్గ కింది ప్లేట్లు, కొత్త యు-బోల్టులు, కొత్త షాక్‌లు వేశాం. ముందు ఛాసీ కింద చితికిన రబ్బరు దిమ్మలు మార్చాం. ఆఖరున ముందు ఛాసీని వెనక దూలాలతో కలిపే రెండు ఉక్కు పెట్టె గొట్టాలు, అటొకటి ఇటొకటి, బిగించాం. వెల్డు చేసే రకం ఇంకా గట్టిదని మావాడన్నాడు. అది నిజమే. కాని మా అవసరానికి బోల్టుల రకం చాలనుకున్నాం. వాటికోసం కొన్ని బెజ్జాలు వేయాల్సి వచ్చింది. పెద్దాయనను పిలిచి అడిగాం. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూసి, బెజ్జం కోత కాదని తీర్పు ఇచ్చారు.

ఇక్కడ నాయనగారి పాఠాలు రెండు పనికొచ్చాయి. కారు గాలిలో వేలాడుతుండగా ఆ గొట్టాలు బిగిస్తే బాడీ ఉన్న వంకరలోనే బిగుసుకుపోతుంది. అందుకని నాలుగు చక్రాలను ఎత్తు దిమ్మల మీద నిలిపి, కారు తన బరువు తాను మోస్తుండగా, తలుపుల సందు రెండువైపులా సమంగా ఉందని చూసి బిగించాం. కమాను కన్ను బోల్టులూ అంతే. చక్రాలు వేలాడుతుంటే బిగిస్తే, కారు నేల మీదకు దిగగానే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది. యు-బోల్టులను ఓ 100 మైళ్ళు నడిపాక మళ్ళీ బిగించాం. కొత్త కమాను సర్దుకున్నాక అవి సడలడం మామూలే.

ఇదంతా అయ్యేసరికి ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాల్లో మాకు సహాయం ఆ పిల్లే. దానికి తెలుగు అర్థమవుతుంది గాని నోరు తిప్పేది కాదు. నాకేమో పనిముట్టు చేతిలో ఉంటే నోట్లోంచి ఇంగ్లీషు రాదు. "ఇరుసు కిందికి దించు", "కుడివైపు సడలించు", "ఇంకో చుట్టు బిగించు" అంటుంటే, పొరపాటు చేస్తే వేలు నలిగేచోట అది చెవులు రిక్కించి వినేది. గోడమీద టేపు అంటించి ఆ మాటలన్నీ ఇంగ్లీషు అక్షరాలతో రాసుకుంది. మూడో వారానికి, "తాతా, ఈ బోల్టు బిగిసిపోయింది, రావట్లేదు" అని తనే అంది. ఆదివారం తెలుగు బడికి నాలుగేళ్ళు పంపినా రాని వాక్యం అది. నాలుగు రాష్ట్రాల్లో, యానాంలో ఉంటూ పిల్లలకు తెలుగు ఎలా నేర్పాలా అని సతమతమయ్యే మనకు ఇందులో ఒక ఉపాయం ఉందనుకుంటాను. పిల్లకు ఆ మాటతో పని పడాలి. పని పడితే మాట దానంతటదే వస్తుంది.

కారు దించాక మొదట ఖాళీ మైదానంలో, తర్వాత వానరోజున అదే మలుపు దగ్గర నడిపి చూశాం. గెంతలేదు. వానలో గట్టిగా తొక్కితే టైరు ఇంకా జారుతుంది, అది ఏ కమానూ ఆపలేదు. కాని తోక చెప్పిన మాట వింటోంది. ఇంటి ముందు వాలులో ఆపితే తలుపు ఒక్క వేలుతో పడింది. పెద్దాయన పక్క సీట్లో కూర్చుని రెండు మూడుసార్లు తెరిచి మూసి చూసుకున్నారు. డెట్రాయిట్ దగ్గర వుడ్‌వర్డ్ అవెన్యూ మీద 1995 నుంచి ఏటా ఆగస్టులో పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది. ఆ ఏడు ఆ వరసలో ఆయన్ను కూర్చోబెట్టుకుని మావాడు నడిపాడు. నేను ఊరికి తిరిగొచ్చాక అదే డిసెంబరులో, అదే మిచిగన్‌లోని ఫ్యాక్టరీలో కమారో తయారీ ఆగిపోయింది.

మా చెల్లెలు ఇంకా ఆ కారెక్కలేదు. అమ్మేయమనడం మాత్రం మానింది.

మన ఇళ్ళ షెడ్లలో కూడా నాన్నగారి అంబాసిడరో, మామగారి పద్మినీయో ఉంటాయి. రెంటికీ వెనక కమాన్ కట్టలే. ఇంజను స్టార్టయిందని సంబరపడి రోడ్డెక్కించకండి. సమతలం మీద నిలిపి వెనక రెండువైపులా ఎత్తు కొలవండి. పట్టీల్లో పగులు, బుష్‌ల్లో రబ్బరు, యు-బోల్టు నట్లు చూడండి. కమాను బాడీకి తగిలేచోట తుప్పు ఉందేమో సుత్తితో తట్టించండి. గట్టి స్టాండు లేకుండా, ఒట్టి జాకీని నమ్మి ఎవరినీ కిందికి దూరనివ్వకండి. ఆ పని చేసేటప్పుడు ఇంట్లో పిల్లల్ని పక్కన నిలబెట్టుకుని, టార్చిలైటు వాళ్ళ చేతికివ్వండి.