అయిదు వస్తువుల పానకం

ఆంగ్లంలోని 'పంచ్' అనే పానీయపు పేరుకు మూలం మన దేశభాషల్లో అయిదును తెలిపే పదమేనని పలువురి అభిప్రాయం. ఆ పంచ్‌లో సారాయి ఒక పాలు. శ్రీరామనవమి పానకానికీ అయిదే వస్తువులు: నీరు, బెల్లం, మిరియాలు, శొంఠి, ఏలకులు. సారాయి ఊసు లేదు, పొయ్యితో పని లేదు. నిమ్మపండు పిండితే ఆరవుతాయి. అయినా ఆ పులుపు ఉంటేనే తీపి మొహం మొత్తదు.

ఏటా పందిటికి బిందెడు పానకం కలిపే వృద్ధురాలికి మధుమేహం సోకింది. ఆమెకు తూకం తెలియదు, నాలుకే కొలత. ఈసారి మనుమరాలి చేత లీటరు నీటికి 200 గ్రాముల చొప్పున బెల్లం కరిగించి, పల్చని గుడ్డలో వడకట్టించి, పొడులు కలిపించింది.

"గొంతులో కాస్త మండిందా?"

పిల్ల తల ఊపింది.

"అయితే సరిపోయింది. ఘాటంతా అడుగుకు చేరుతుంది, కలుపుతూ పోయవే."