థేమ్స్ ఒడ్డున అంబాసిడర్ చుట్టము

విదేశయాత్ర చేసి వచ్చినవారిని ఏమేమి చూశారని అడగడం మనవారికి పరిపాటి. లండన్ గోపురాలు, రాజప్రాసాదాలు, ప్రదర్శనశాలల గురించి చెబుతామని మిత్రులు ఎదురుచూశారు. ఆరు వారాల పాటు ఒక ఇంటి గ్యారేజీలో కారు విడిభాగాల మధ్య గడిపి వచ్చామని చెప్పగా, అందరూ నవ్వారు. మా శ్రీమతి మాత్రం నవ్వలేదు. ఆ గ్యారేజీలో ఆమెకూ భాగమున్నది.

2023 వేసవిలో మా అమ్మాయి, అల్లుడు పిలువగా ఇంగ్లండు వెళ్ళాము. వారి నివాసం ఆక్స్‌ఫర్డుకు దక్షిణంగా సుమారు పది కిలోమీటర్ల దూరంలో, థేమ్స్ నది ఒడ్డున ఉన్న ఆబింగ్డన్ అనే చిన్న పట్టణం. నదిపై పాత రాతి వంతెన, దాని దిగువన పడవలు, పట్టణం నడిబొడ్డున 17వ శతాబ్దానికి చెందిన కౌంటీ హాలు, ఇవీ అక్కడి విశేషాలు. రాజకుటుంబానికి సంబంధించిన శుభసందర్భాలలో ఆ హాలు పైకప్పు నుంచి ప్రజలపైకి చిన్న రొట్టెలు విసరడం అక్కడి ఆచారం. వాటిని పట్టుకోవడానికి పెద్దలూ పిల్లలూ గుమిగూడుతారట. మన తిరునాళ్ళలో రథంపైకి అరటిపండ్లు విసిరే దృశ్యం మాకు గుర్తుకు వచ్చింది. అక్కడ విసరడం పైనుంచి కిందికి, అంతే తేడా.

ఆ హాలులోని మ్యూజియంలో ఒక ఎం.జి.బి. స్పోర్ట్స్ కారు ఉన్నది. అది 1980లో ఆ పట్టణపు కర్మాగారం నుంచి వెలువడిన చివరి కార్లలో ఒకటి. ఎం.జి. అనగా మోరిస్ గ్యారేజెస్. ఆక్స్‌ఫర్డులో విలియం మోరిస్ నెలకొల్పిన వ్యాపారమది. అందులో మేనేజరుగా పనిచేసిన సెసిల్ కింబర్ సాధారణ మోరిస్ కార్లకు కొత్త రూపమిచ్చి స్పోర్ట్స్ కార్లుగా తీర్చిదిద్దాడు. 1929లో ఈ పని ఆబింగ్డన్‌కు తరలివచ్చింది. ఆక్స్‌ఫర్డు శివారులోని కౌలీ మోరిస్ వారి ప్రధాన కర్మాగారం. అక్కడ తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారే ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ చేతిలో మన అంబాసిడర్ అయినది. 2014 వరకు అక్కడ దాని ఉత్పత్తి సాగింది. మన సంస్థలో ముప్పది ఏళ్ళు వాహన విభాగంలో పనిచేసిన మాకు, అంబాసిడర్ పుట్టింటికి వచ్చామన్న సంతోషం కలిగింది.

మా అల్లుని పొరుగింట డెబ్బది నాలుగేళ్ళ పెద్దాయన ఒకరు ఉన్నారు. చరిత్ర బోధించి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. ఒక సాయంత్రం మా అల్లుడు, "మామయ్యగారూ, పక్కింటి ఆయన గ్యారేజీ ఒకసారి చూడండి, మీకు నచ్చుతుంది" అని తీసుకువెళ్ళాడు. తలుపు ఎత్తగానే కొయ్య దిమ్మెలపై ఒక ఛాసిస్, గోడకు ఆనించిన బాడీ, అటకల నిండా బిస్కెట్ డబ్బాలు, జాము సీసాలు కనిపించాయి. అది 1957 నాటి ఎం.జి.ఎ. ఆయన తండ్రి ఆబింగ్డన్ కర్మాగారంలో కార్లు కూర్చిన కార్మికుడు. 1964లో ఆ కారును పాతదిగా కొని, కుటుంబాన్ని అందులో సముద్రతీరానికి తీసుకువెళ్ళేవాడట. ఇద్దరికే ఆసనాలున్న కారులో బాలుడు సీట్ల వెనుక సామానుతో పాటు ఒదిగి కూర్చునేవాడు.

1979 సెప్టెంబరులో ఆబింగ్డన్‌లో ఎం.జి. స్వర్ణోత్సవం జరిగింది. ఊరేగింపులు ముగిసీ ముగియకముందే కర్మాగారాన్ని మూసివేస్తున్నట్టు ప్రకటన వెలువడింది. 1980 అక్టోబరులో తలుపులు మూతపడ్డాయి. ఆ తండ్రి ఖాళీగా కూర్చోలేక, తన కారును పూర్తిగా విప్పి కొత్తగా కూర్చాలని సంకల్పించాడు. విప్పడం పూర్తయింది. కూర్పు మొదలుకాకముందే, 1984లో, ఆయన కన్నుమూశాడు. అప్పటినుంచి ఆ డబ్బాలు అలాగే ఉన్నాయి. కుమారునికి పానా పట్టడం రాదు. అమ్మివేయడానికి మనసు రాదు. ఇటీవల గుండె జబ్బు బయటపడిన తరువాత మాత్రం, ఈ ఏడు కాకపోతే ఇంకెన్నడూ కాదనే తొందర ఆయనలో కలిగింది. ఛాసిస్ తుప్పు గోకించి, అవసరమైన చోట వెల్డింగ్ చేయించి, రంగు వేయించాడు. అక్కడినుంచి అడుగు ముందుకు పడలేదు.

బోనెట్ కింద ఉండవలసిన ఇంజను ఒక మూల బల్లపై ఉన్నది. దానిపై కప్పిన గుడ్డ తీసి చూసి మేము నిర్ఘాంతపోయాము. అది మా ఇంజనే! 1489 సి.సి., బి.ఎం.సి. వారి 'బి' శ్రేణి. మన అంబాసిడర్‌లో దశాబ్దాల పాటు తిరిగినది ఇదే కుటుంబానికి చెందిన, ఇదే పరిమాణం గల ఇంజను. మన దానికి ఒక కార్బురేటరు. దీనికి జంట ఎస్.యు. కార్బురేటర్లు. మనది దాదాపు 50 హార్స్‌పవర్ ఇస్తే, ఇది మొదట 68, తరువాత 72 ఇచ్చింది. ఒకే తల్లి బిడ్డలలో ఒకరు ఆఫీసు ఉద్యోగానికి, మరొకరు ఆటల మైదానానికి వెళ్ళినట్టున్నది. "ఇది విప్పడం, బిగించడం మాకు తెలుసు" అన్నాము. ఆ పెద్దాయన మా చేతిని చాలాసేపు వదలలేదు.

అయితే ఇంజను మాకు తెలిసినా కారు మాకు తెలియదు. ప్రతి భాగానికీ తండ్రి అట్టముక్క కట్టి అంకె వేశాడు, 1 నుంచి 86 వరకు. విప్పిన వరుసలో అంకెలు వేశాడని కుమారుని నమ్మకం. అలాగైతే బిగించేటప్పుడు 86 నుంచి వెనుకకు రావాలి. ఆ లెక్కన మొదట ముందు బంపరు బిగించవలసి వస్తున్నది! తండ్రికి చివరి రోజులలో మతి చెదిరిందేమోనని ఆయన లోలోపల బాధపడుతున్నాడని మాకు అర్థమైంది.

మూడవనాడు మా శ్రీమతి టీ తీసుకుని వచ్చి, డబ్బాలను ఓపికగా వరుసలో పేర్చసాగింది. ఊరగాయ జాడీలకు చీటీలు కట్టే అలవాటున్న మనిషి. "విప్పేటప్పుడు ముందు అద్దమే కదా తీస్తారు? దానికి 79 ఎందుకు వేశారు?" అని అడిగింది. మేము 1వ చీటీ ఉన్న భాగాన్ని వెతికాము. అది ముందు సస్పెన్షన్. 2 వెనుక యాక్సిల్. ఆ తరువాత బ్రేకు గొట్టాలు, ఇంజను, గేర్‌బాక్సు, బాడీ, వైరింగు. ఆపైన కొయ్యపలకల నేల, సీట్లు, అద్దం, బంపర్లు. మతి చెదిరిన వాని లెక్క కాదది. కర్మాగారంలో కారు పుట్టే వరుస! సిద్ధమైన ఛాసిస్‌పైకి బాడీని దించడం అక్కడి పద్ధతి. విప్పుతున్నప్పుడే ఆయన తిరిగి బిగించే క్రమాన్ని రాసిపెట్టాడు.

ఆబింగ్డన్‌లో ఇంజన్లు పోతపోయలేదు, బాడీలు అచ్చువేయలేదు. అవి ఇతర పట్టణాల నుంచి వచ్చేవి. కారును ముందుకు నడిపే యంత్రశ్రేణి కూడా అక్కడ లేదు. ఒక దశ పూర్తికాగానే కార్మికులు చేతులతో తోసి తరువాతి వారికి అందించేవారు. అలా లక్షకు పైగా ఎం.జి.ఎ.లు కూర్చబడి, అత్యధికభాగం విదేశాలకు ఎగుమతి అయినాయి. అక్కడి విద్య అంతా కూర్పులోనే ఉన్నది. కర్మాగారం పోయినా ఆ విద్య 86 అట్టముక్కలపై మిగిలింది.

ఆ మాట విని కుమారుడు లేచి బయటికి వెళ్ళి, తోటలో కొంతసేపు నిలబడి వచ్చాడు.

అటుపైన పని సాగింది. అరిగిన బేరింగులు, గాస్కెట్లు, రబ్బరు ముక్కలు ఫోను చేస్తే రెండు మూడు రోజులలో ఇంటికే చేరేవి. ఇన్నేళ్ళ కిందటి కారుకు ఇంత సులభంగా భాగాలు లభించడం మాకు ఆశ్చర్యం కలిగించింది. హెడ్డు నట్లు మధ్య నుంచి బయటికి, దశలవారీగా 50 అడుగు-పౌన్ల వరకు బిగించాము. ట్యాపెట్ల వద్దకు వచ్చేసరికి మన గ్యారేజీలోని పాత మేస్త్రీ గుర్తుకు వచ్చాడు. కొత్తగా చేరిన రోజులలో ఆయనే మాకు 'తొమ్మిది లెక్క' నేర్పాడు. ఎనిమిది వాల్వులు వరుసగా ఉంటాయి. ఎనిమిదవది పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటవదాన్ని, ఆరవది తెరుచుకున్నప్పుడు మూడవదాన్ని సరిచేయాలి. రెండంకెలు కలిపితే ఎప్పుడూ తొమ్మిదే రావాలి. ఫీలర్ గేజ్ చేతికిచ్చి ఆ పెద్దాయన చేతనే ఎనిమిదీ సరిచేయించాము.

ఒక్కచోట మేమే పొరపాటు చేయబోయాము. సీట్ల వెనుక ఉండే రెండు ఆరు వోల్టుల బ్యాటరీలను కలుపుతూ, అలవాటు చొప్పున నెగటివ్‌ను ఛాసిస్‌కు తగిలించబోగా, పెద్దాయన మా చేయి పట్టుకుని ఆపి చీటీ చూపించాడు. పాజిటివే ఛాసిస్‌కు కలపాలని తండ్రి దానిపై స్పష్టంగా రాసి, కింద రెండు గీతలు గీశాడు. నాటి ఎం.జి.లలో పద్ధతి అదే. మా ముప్పది ఏళ్ళ అనుభవం ఆ గీతల ముందు తలవంచింది.

తిరుగు ప్రయాణానికి నాలుగు రోజుల ముందు ఇంజను తిరిగింది. మొదట దగ్గింది, పొగ కక్కింది, ఆగింది. రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర, మరొక కొస కార్బురేటరు నోటి దగ్గర ఉంచి, రెండింటి ఈల ఒకే తీరుగా వినిపించేవరకు మరలు తిప్పాము. అప్పుడు నిలకడగా నడిచింది. పెద్దాయన ఏమీ మాట్లాడలేదు. సీట్ల వెనుక తాను ఒదిగి కూర్చునే చోటును చేతితో తడిమాడు.

బాడీ పైన చేయవలసిన పని ఇంకా మిగిలి ఉండగానే మేము బయలుదేరవలసి వచ్చింది. అక్టోబరులో మా అల్లుడు ఫోను చేశాడు. పత్రాలు సరిచేసుకుని పెద్దాయన కారును రోడ్డెక్కించాడనీ, పాత కర్మాగారం ఉండిన వీథి వరకు నడిపి, కాసేపు ఆగి, తిరిగి వచ్చాడనీ చెప్పాడు. వెళ్ళినది ఆయన ఒక్కడేనట. పక్క సీటులో ఎవరినీ కూర్చోనివ్వలేదట.

సంక్రాంతికి మేము మేస్త్రీని చూడడానికి వారి ఊరు వెళ్ళాము. చూపు మందగించింది, వినికిడి మాత్రం బాగున్నది. ఇంజను తిరుగుతున్నప్పుడు మా అల్లుడు తీసిన వీడియోను ఆయన చెవి దగ్గర పెట్టాము. కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"మన ఇంజనే సార్, కానీ రెండు గొంతులున్నాయి" అన్నాడు. "మూడోదాని ట్యాపెట్ కాస్త వదులుగా ఉంది. ఆయనకు కబురు చేయండి."

ఆ రాత్రే కబురు చేశాము. మూడవ సిలిండరు ట్యాపెట్ నిజంగానే వదులుగా ఉన్నదని, సరిచేశానని, తొమ్మిది లెక్క తప్పలేదని మర్నాడు ఆయన జవాబు పంపాడు.