దమస్కులో మూతపడని గుమ్మాలు

దమస్కు అనగానే మనకు చూపు పోయిన సౌలు, తిన్ననిదనే వీధి, భయపడుతూనే వెళ్లిన అననీయ గుర్తుకు వస్తారు. ఆ వీధి నేటికీ ఉన్నది. దాని తూర్పు గుమ్మం దగ్గర్లో మెట్లు దిగి వెళితే, అననీయ ఇల్లని చెప్పే చిన్న రాతి ప్రార్థన గది కనబడుతుంది. ఈ పట్టణంలోనే మన కాలంలో కొందరు రాయబారులకు, ఉండాలా వెళ్లాలా అనే ప్రశ్న ఎదురైంది.

2011లో సిరియాలో అంతర్యుద్ధం మొదలైంది. 2012 ఫిబ్రవరిలో అమెరికా తన రాయబార కార్యాలయాన్ని మూసివేసింది. మార్చిలో బ్రిటన్, ఫ్రాన్సు కూడా తమవారిని పిలిపించుకున్నాయి. వారిని పిరికివారనలేము. సిబ్బంది ప్రాణాలు ఒక కారణమైతే, సొంత ప్రజలపై ఫిరంగులు పేల్చే ప్రభుత్వం మీద నిరసన మరొక కారణం.

చెక్ దేశపు రాయబారి ఎవా ఫిలిపీ అనే స్త్రీ మాత్రం వెళ్లలేదు. అమెరికా పనులు కూడా ఆ కార్యాలయమే చూసింది. ఇలా ఒక దేశం బాధ్యతను మరొక దేశం చూడవచ్చునని 1961 నాటి వియన్నా ఒప్పందంలో ఉంది. మనం ఊరికి వెళ్లేటప్పుడు తాళంచెవి పక్కింటివారికి ఇచ్చినట్లే అనుకోండి. కనబడకుండా పోయిన ఒక అమెరికన్ విలేఖరి గురించి ఆరా తీసింది కూడా ఆమె.

పోపుగారి రాయబారి మారియో జెనారి ఇటలీ దేశస్థుడు. 2013 నవంబరు 5 ఉదయం ఆయన నివాసం కప్పుమీద మోర్టారు గుండు పడింది. దేవుని దయవలన ఎవరికీ దెబ్బ తగలలేదు. 2016లో కార్డినల్ అయిన తరువాత కూడా ఆయన అక్కడే ఉన్నారు. మన సంఘాలలో ఇలాంటి పదవి లేదు గాని, మంద మధ్య నిలిచిన కాపరిని గౌరవించడానికి సంఘభేదం అడ్డు రాకూడదు.

ఇందులో ఒక చిక్కున్నది. విదేశీ జెండా ఎగురుతుంటే పాలకుడు దానిని చూపించి, లోకం తనను ఒప్పుకున్నదని చెప్పుకుంటాడు. ఉండిపోయినవారి మీద ఆ నింద పడింది. అది పూర్తిగా అన్యాయమని నేననలేను.

మన భారత కార్యాలయం కూడా మూతపడలేదు. గల్ఫులో బిడ్డలున్న తల్లిదండ్రులు మన సంఘాలలో ఎందరో. ఎంబసీ అనే మాట విలువ వారికి చెప్పనక్కరలేదు. 2024 డిసెంబరు 8న అసద్ ప్రభుత్వం కూలిపోయింది. 10వ తేదీన 75 మంది భారతీయులను మనవారు లెబనానుకు దాటించారు. వారిలో 44 మంది, సయ్యిదా జైనబ్ దర్గా దగ్గర చిక్కుకుపోయిన జమ్మూ కాశ్మీరు యాత్రికులు. లెబనాను నుండి మామూలు విమానాలలోనే వారికి ఇంటి ప్రయాణం ఏర్పాటైంది.