గోడతో మాట్లాడినట్టు

మా అక్కకి ఆపరేషన్ అయిన సంగతి నాకు నలభై రోజుల తర్వాత తెలిసింది. అదీ అక్క చెప్పగా కాదు. ఒక ఆదివారం అమ్మ ఫోన్లో మాటల మధ్యలో "కుట్లు బాగానే మానాయంట" అంది. ఏం కుట్లు అన్నాను. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అదేంట్రా, నీకు అక్క చెప్పలేదా?" అంది, చెప్పలేదన్న సంగతి తనకి తెలియనట్టు.

గర్భసంచిలో గడ్డలు. తీసేశారు. అక్కకి ముప్ఫై నాలుగేళ్ళు. గుంటూరులో వారం రోజులు ఆస్పత్రిలో ఉంది. బావకి తెలుసు, అమ్మకి తెలుసు, పాలు పోసే ఆవిడకీ తెలుసు. హైదరాబాదులో ఉన్న సొంత తమ్ముడికి తెలియదు.

వెంటనే అక్కకి ఫోన్ చేశాను. నాకెందుకు చెప్పలేదు అని అడిగాను. అక్క చాలా మామూలుగా అంది: "చెప్తే ఏమంటావురా? 'ఊఁ, సర్లే, జాగ్రత్త' అంటావు. ఆ మూడు ముక్కల కోసం నేను ఫోన్ చెయ్యాలా? నీతో మాట్లాడితే గోడతో మాట్లాడినట్టుంటుంది. అప్పుడు నాకంత ఓపిక లేదు."

కోపంగా అని ఉంటే బావుండేది. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది.

నేనేమన్నానో చెప్పనా? "సర్లే" అన్నాను.

గోడ అన్న ఆ మాట నేను అంతకుముందు ఒకచోట చదివాను. ఎక్కడో గుర్తు రావడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఒక వీడియో గేమ్‌లో.

గేమ్ అనగానే తుపాకులు, కాల్పులు అనుకోకండి. రోల్ ప్లేయింగ్ గేమ్ అంటే దాదాపు ఒక పెద్ద నవల. ముప్ఫై నలభై గంటలు ఒక మనిషిని వెంటబెట్టుకుని ఊళ్ళు తిరగడం, మధ్యలో యుద్ధాలు, మిగతాదంతా మాటలు. నేను చెప్పే గేమ్ పేరు 'ఫైనల్ ఫాంటసీ 8'. జపాన్‌కి చెందిన స్క్వేర్ కంపెనీ 1999లో ప్లేస్టేషన్ కోసం తెచ్చింది, నాలుగు డిస్కులు. అప్పటికి నాకు రెండేళ్ళు. నేను ఆడింది 2016లో, ఇంజినీరింగ్ రెండో ఏడు, హాస్టల్లో రూమ్మేట్ లాప్‌టాప్ మీద, వాడు పడుకున్నాక.

అందులో హీరో పేరు స్క్వాల్. పదిహేడేళ్ళు. కత్తికి తుపాకీ పిడి తగిలించినట్టుండే ఒక వింత ఆయుధం, రెండు కనుబొమల మధ్య ఒక గాటు. ఆ గాటు పెట్టింది శత్రువు కాదు, తోటి విద్యార్థి సైఫర్, సాధనలో. వీళ్ళు చదివేది కిరాయి సైనికుల్ని తయారుచేసే ఒక రెసిడెన్షియల్ స్కూల్లో. నాకు ఆ స్కూలు చూడగానే సొంత ఊరు వచ్చినట్టు అనిపించింది. నేను ఇంటర్ చదివిన క్యాంపస్‌కి కాస్త పచ్చదనం, పక్కనే సముద్రం తగిలిస్తే అదే. బెల్లు, యూనిఫాం, ర్యాంకులు. ఆ గేమ్‌లో జీతం ర్యాంకుని బట్టి వస్తుంది. ర్యాంకు పెరగాలంటే పరీక్షలు రాయాలి. ముప్ఫై లెవెల్స్, ఒక్కోదానిలో పది ప్రశ్నలు, అవును కాదు అని జవాబులు, పదీ కరెక్టయితేనే పాస్. యుద్ధాలు చెయ్యకుండా ఊరికే తిరుగుతుంటే ఉన్న ర్యాంకు పడిపోతుంది. ఇంజినీరింగ్ చదివే కుర్రాడు పరీక్షలకి చదవడం మానేసి, రాత్రి రెండింటికి కూర్చుని ఆటలో పరీక్షలు రాశాడంటే నవ్వుకోండి, నాకేం ఇబ్బంది లేదు.

స్క్వాల్‌కి ఏ పనీ ఇష్టం ఉండదు. అంటే, చెప్పిన పని చేస్తాడు, బాగా చేస్తాడు. కానీ ఎవరైనా దగ్గరికొచ్చి ఏమనుకుంటున్నావు అని అడిగితే మాత్రం మనిషి ముడుచుకుపోతాడు. ఎవరో ఒక ప్రశ్న వేస్తారు. అతని మనసులో మాట బ్రాకెట్లలో కనిపిస్తుంది, రెండు లైన్లు, మూడు లైన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. భయం, చిరాకు, అనుమానం, వీళ్ళు నా గురించి ఏమనుకుంటున్నారో అన్న లెక్కలు అన్నీ అందులో ఉంటాయి. అదంతా అయ్యాక నోటి నుంచి వచ్చేది ఒక్క ముక్క. మన భాషలో చెప్పాలంటే 'సర్లే'. ఆ బ్రాకెట్లు చదివేది ఆడేవాళ్ళం మనమే. పక్కన నిలబడ్డవాళ్ళకి ఆ ఒక్క ముక్కే మిగులుతుంది.

రూమ్మేట్‌కి వాణ్ణి చూస్తే ఒళ్ళు మండేది. "వీడేం హీరో రా, లాగి ఒకటి ఇవ్వాలనిపిస్తుంది" అనేవాడు. ప్రపంచంలో చాలామంది అభిప్రాయం అదే, ఈ గేమ్ గురించి పాతికేళ్ళుగా వినిపించే ఫిర్యాదు కూడా అదే. నాకు మాత్రం బ్రాకెట్లున్న మనిషిని చూడటం అదే మొదలు. నాలాంటివాడు ఒకడున్నాడనుకున్నాను. అది గర్వపడాల్సిన విషయం అని కూడా అనుకున్నాను, అదే వచ్చిన చిక్కు.

2014 జనవరిలో, నేను ఇంటర్ రెండో ఏడు చదువుతుండగా, పొద్దున్నే స్టడీ అవర్‌లో బాబాయ్ వచ్చాడు. నాన్నకి ఒంట్లో బాలేదు, ఇంటికెళ్దాం అన్నాడు. విజయవాడ నుంచి తెనాలి ఎంత దూరమని. మంగళగిరి దగ్గర కారాపి నాకు ఒక బిస్కెట్ ప్యాకెట్ కొనిచ్చాడు. బాబాయ్ అంతకుముందు నాకెప్పుడూ ఏమీ కొనలేదు. ఇంటి ముందు టెంటు చూసేదాకా ఎవరూ ఏమీ చెప్పలేదు.

నాన్న ఎరువుల షాపులో లెక్కలు రాసేవారు. గుండెపోటు. ఆ రోజు నాకు అన్నిటికన్నా బాగా గుర్తున్నది ఏడుపులు కాదు, వ్యాకరణం. నిన్నటిదాకా 'పెరుగు లేకపోతే అన్నం తినడు' అన్న మనిషి తెల్లారేసరికి 'తినేవాడు కాదు' అయిపోయాడు. వచ్చినవాళ్ళందరూ 'అనేవాడు', 'ఉండేవాడు', 'వచ్చేవాడు' అంటున్నారు. అంత తొందరగా ఎలా మార్చేశారో నాకర్థం కాలేదు. ఎవరో ఒకావిడ నన్ను చూపించి, "పిల్లాడి గుండె దిటవు చూడండి, కన్నీటి చుక్క లేదు" అంది. పదిహేడేళ్ళవాడికి ఆ మెప్పు బాగా పట్టింది. పదమూడో రోజు దాటాక హాస్టల్‌కి తిరిగి వెళ్ళిపోయాను. మార్చిలో పరీక్షలు రాశాను. మార్కులు కూడా బాగానే వచ్చాయి.

ఆ గేమ్‌లో ఒక సీన్ ఉంది. సైఫర్‌కి మరణశిక్ష వేశారని కబురొస్తుంది. స్నేహితులందరూ ఒక గదిలో కూర్చుని అతని గురించి చెప్పుకుంటుంటారు. మంచివాడు కాదు గానీ చెడ్డవాడూ కాదు, ఇలా ఉండేవాడు, అలా ఉండేవాడు అని. స్క్వాల్ ఓ మూల నిలబడి వింటుంటాడు. బ్రాకెట్లలో ఆలోచన నడుస్తుంటుంది. రేపు నేను పోతే నా గురించి కూడా ఇలాగే భూతకాలంలో చెప్పుకుంటారు, నోటికొచ్చింది అంటారు అని. ఉన్నట్టుండి గట్టిగా అరిచి, అది తనకి ఇష్టం లేదని చెప్పి, గదిలోంచి పరుగెత్తుకుంటూ వెళ్ళిపోతాడు. మిగతావాళ్ళకి ఏమైందో అర్థం కాదు.

నేను లాప్‌టాప్ మూసేసి కారిడార్‌లోకి వెళ్ళాను. రూమ్మేట్ నిద్రలో "ఏంట్రా?" అన్నాడు. ఏం లేదు అన్నాను.

సైఫర్ చనిపోలేదని కథలో తర్వాత తెలుస్తుంది. ఆటల్లో ఆ సౌకర్యం ఉంటుంది.

స్క్వాల్ అలా ఎందుకయ్యాడన్నదానికి కథలో కారణం ఉంది. అనాథ పిల్లల ఇంట్లో పెరిగాడు. అక్కడ ఎలోన్ అని ఒక పెద్దమ్మాయి, సొంత అక్క కాదు గానీ అక్క అనే పిలిచేవాడు. ఒకరోజు ఆమె కనపడకుండా పోతుంది. పిల్లాడు వర్షంలో బయట నిలబడి ఎదురుచూస్తాడు. నువ్వు లేకపోయినా నేను ఉండగలను, ఎవరి సాయమూ అక్కర్లేదు అని తనకి తనే చెప్పుకుంటాడు. పెద్దయ్యాక ఆ మాట మిగిలింది గానీ ఎందుకు అనుకున్నాడో గుర్తులేదు. యుద్ధాల్లో వాడే మాంత్రిక శక్తులు జ్ఞాపకాల చోటుని ఆక్రమిస్తాయట. తన స్నేహితుల్లో చాలామంది అదే ఇంట్లో కలిసి పెరిగినవాళ్ళేనని, ఒక్కడికి తప్ప ఎవరికీ గుర్తులేదని తేలుతుంది. రచయిత కజుషిగే నోజిమా మీద నాకు గౌరవమే గానీ, ఇది మరీ మన పాత సినిమాల్లో జాతరలో తప్పిపోయిన అన్నదమ్ములు చివర్లో ఒకే పాట పాడి కలుసుకున్నట్టుంటుంది.

నాకు అలాంటి సాకు ఏమీ లేదు. నాకు అన్నీ గుర్తే. నాన్న పోయాక అక్క బీఈడీ ఆలోచన మానుకుని ప్రైవేటు స్కూల్లో చేరింది. నా హాస్టల్ ఫీజు ఆ జీతం లోంచే వెళ్ళింది. వారానికోసారి ఫోన్ చేసేది. అన్నం తింటున్నావా, నిద్రపోతున్నావా, నాన్న గుర్తొస్తున్నాడా అని అడిగేది. బ్రాకెట్లలో నా దగ్గర పేజీలున్నాయి. నోటితో "ఊఁ" అనేవాణ్ణి. పెళ్ళయి గుంటూరు వెళ్ళాక కూడా ఫోన్లు ఆపలేదు. ఎప్పుడు తగ్గాయో నేను గమనించలేదు. తగ్గినందుకు కొంచెం హాయిగా కూడా ఉండి ఉంటుంది.

పోయినేడు ఆఫీసులో నన్ను టీమ్ లీడ్ చేశారు. అడగలేదు, సోమవారం కాల్‌లో అందరి ముందు చెప్పేశారు. గేమ్‌లోనూ అంతే, స్కూల్ హెడ్ మాస్టర్ మైకులో ఇకనుంచి నాయకుడు స్క్వాల్ అని ప్రకటిస్తాడు, ఆ కుర్రాడు నోరెళ్ళబెడతాడు. మా టీమ్‌లో ఒకబ్బాయి వాళ్ళమ్మకి బాలేదని సెలవడిగితే రెండు నిమిషాల్లో ఇచ్చేసి, చివర్లో "జాగ్రత్త" అని టైప్ చేశాను. ఎంత మంచి లీడ్‌నో అనుకున్నాను కూడా.

అక్కతో ఆ ఫోన్ అయ్యాక, 2019లో వచ్చిన కొత్త వెర్షన్ ఎప్పుడో సేల్‌లో కొని పడేసింది ఉంటే తెరిచాను. కాలక్షేపానికి కాదు. ఆ గోడ ఎక్కడుందో చూద్దామని. మొదట్లోనే ఉంది. స్క్వాల్‌కి పాఠాలు చెప్పే క్విస్టిస్, వాడికన్నా ఒక్క ఏడాది పెద్ద, ఒక రాత్రి వాణ్ణి పక్కకి తీసుకెళ్ళి తన ఉద్యోగం పోయిందని చెప్పుకుంటుంది. ఏమీ చెయ్యక్కర్లేదు, వింటే చాలు అంటుంది. దానికి వీడు, అయితే వెళ్ళి గోడతో చెప్పుకో అంటాడు. పంతొమ్మిదేళ్ళప్పుడు ఆ జవాబుకి నేను నవ్వాను. భలే అన్నాడనుకున్నాను.

మూడు వారాలు రాత్రిళ్ళు ఆడాక, పంతొమ్మిదేళ్ళప్పుడు నా కంటికి ఆనని ఇంకో చోటు కనిపించింది. వాడి చుట్టూ తిరిగి, చెయ్యి పట్టి లాగి డాన్సు చేయించిన రినోవా అనే అమ్మాయి స్పృహ తప్పి పడిపోతుంది. పలకదు, కదలదు. స్క్వాల్ మంచం పక్కన కూర్చుంటాడు. నీ గొంతు వినాలనుంది అనుకుంటాడు. ఇది గోడతో మాట్లాడినట్టుంది అంటాడు. అదే మాట. ఇప్పుడు గోడకి ఇవతలి పక్క వాడున్నాడు.

తర్వాత ఆమెని వీపు మీద వేసుకుని సముద్రం మీద కట్టిన పొడవాటి రైలు వంతెన మీద నడుస్తాడు. ఆమెని కాపాడుకోవచ్చన్న ఆశతో. నడుస్తూ మాట్లాడతాడు. బ్రాకెట్లలో దాచుకున్నవే, ఈసారి పైకి. నేనింత మాట్లాడటమేంటని తనే ఆశ్చర్యపోతాడు. వినాల్సిన మనిషికి మాత్రం వినపడదు. ఆ వంతెన దగ్గర నేను ఆపేశాను. ముగింపు నాకు తెలుసు, చివర్లో వాడు ఒక్కసారి నవ్వుతాడు, నాలుగు డిస్కులు ఆడితే ఒక్క నవ్వు. కానీ మా అక్కకి స్పృహ ఉంది. ఫోన్ ఎత్తుతుంది. గుంటూరుకి రాత్రి బస్సులు బోలెడున్నాయి.

శుక్రవారం బస్సెక్కి పొద్దున్నే వాళ్ళింట్లో దిగాను. అక్క తలుపు తీసి "ఏమైందిరా?" అంది కంగారుగా. ఏదో అయితే తప్ప నేను రాను మరి. ఏం కాలేదు, ఊరికే అన్నాను. బావ నన్ను చూసి నవ్వి, మాంసం తెస్తానని సంచి పట్టుకుని వెళ్ళాడు. అక్క ఇంకా బరువులెత్తకూడదట. వాకిట్లో ఉన్న నీళ్ళ క్యాను లోపల పెట్టాను. పిండి డబ్బా పై అరలోంచి దించాను. పనులు అయిపోయాయి. అక్క చాప మీద కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతోంది. నేనూ కూర్చుని తుంచడం మొదలుపెట్టాను.

ఆపరేషన్ గురించి అడగాలనుకుని వచ్చాను. నొప్పి ఉందా అని అడిగాను, తగ్గింది అంది. అంతే, మళ్ళీ గోడ. చేతిలో కాయ తుంచి గిన్నెలో వేశాను. తర్వాత నాకు తెలియకుండానే బాబాయ్ కారు సంగతి మొదలుపెట్టాను. మంగళగిరి దగ్గర బిస్కెట్ ప్యాకెట్ కొన్నాడని చెప్పాను. కొన్న నిమిషంలోనే నాకు తెలిసిపోయిందని చెప్పాను. తెలిసి కూడా ఇంటికి వచ్చేలోపు ప్యాకెట్ మొత్తం తినేశానని, ఒక్కటి కూడా మిగల్చలేదని, ఎందుకు తిన్నానో ఇప్పటికీ తెలియదని, నాన్న అక్కడ అలా ఉంటే నాకు ఆకలెలా వేసిందని చెప్పాను. పదకొండేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. గొంతు ఎలా ఉందో నాకే తెలియదు.

అక్క చేతులు ఆగలేదు. తొడిమలు ఒకపక్కకి తోస్తూ అంది.

"నాకు తెలుసులేరా. ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నావు. నేనే ఉతికాను ఆ చొక్కా."