అట్ట మీది అంకె చూసి బోర్డు కొనొద్దు

మన ఆత్మకూరు నుంచి నంద్యాలకో కర్నూలుకో పోయి ఈసీఈ చదివే పిల్లలకు, ప్రాజెక్టుకు ఎఫ్‌పీజీఏ బోర్డు కొనేముందు ఒక మాట.

ఆర్టిక్స్-7 35టీ మీద 33,280 లాజిక్ సెల్స్ అని ఉంటుంది. లోపల ఉండేవి 20,800 ఎల్‌యూటీలే (లుకప్ టేబుళ్లు). ఒక్కోటి ఆరు ఇన్‌పుట్లది కాబట్టి కంపెనీ దాన్ని 1.6 సెల్స్‌గా లెక్కేస్తుంది. సైక్లోన్-4లో ఈపీ4సీఈ22 తీసుకుంటే 22,320 లాజిక్ ఎలిమెంట్లు, ఒక్కోదాంట్లో నాలుగు ఇన్‌పుట్ల ఎల్‌యూటీ, ఒక ఫ్లిప్‌ఫ్లాప్. ఎల్‌యూటీల లెక్కలో రెండింటి అంకెలూ దగ్గర దగ్గరే, సత్తా మాత్రం ఒకటి కాదు.

ఫోర్-టు-వన్ మక్స్‌నే చూడండి. డేటా నాలుగు, సెలెక్ట్ రెండు, మొత్తం ఆరు ఇన్‌పుట్లు. ఆర్టిక్స్‌లో ఒక్క ఎల్‌యూటీతో అయిపోతుంది, సైక్లోన్-4లో రెండు కావాలి. అదే సైక్లోన్-5కు వస్తే బ్లాకే మారిపోయింది: ఎనిమిది ఇన్‌పుట్ల ఏఎల్‌ఎమ్, అవసరాన్ని బట్టి రెండుగా చీలుతుంది, రిజిస్టర్లు నాలుగు.

ఆర్టిక్స్ చిప్పులు చేసే జైలింక్స్‌ను 2022లో ఏఎండీ కొనేసింది. ఆ చిప్పుల మీద హైదరాబాద్‌లో ఎంతోమంది పనిచేస్తున్నారు, రేపు మీరూ అక్కడికి పోవాలని నా ఆశ. వెరిలాగ్ కోడ్ బట్టీ పట్టకముందే యూజర్ గైడ్‌లోని స్లైస్ (ఎల్‌యూటీలు, ఫ్లిప్‌ఫ్లాప్‌ల గుంపు) బొమ్మను, క్యారీ చెయిన్‌తో సహా, ఒకసారి చేత్తో గీయండి. ఎక్కడ అర్థం కాకున్నా నాకు మెసేజ్ పెట్టండి, కూర్చుని చెబుతా.