చీకటిగదిలో నిదానము

సామానులకొట్టును చీకటిగదిగా మార్చుకొని, ఫొటో ఫిలిములను ఇంటనే కడుగుకొనుట పాచిపెంటలో మాకు చిరకాలపు టలవాటు. ఫిలిము కెమేరాలు అరుదైన యీ దినములలో నిది వింతగా తోచవచ్చును. అయినను మా తొందరపాటు నేర్పిన పాఠమును మీకు చెప్పదలచితిమి.

ఒకనాడు మా అత్తగారు అరుగుపై చింతపండు గింజలు తీయుచు నవ్వుచుండగా చిత్రము తీసితిమి. వెంటనే చూడవలెనను ఆతురతతో, డెవలపరు పోసిన డబ్బాను బల్లపై తట్టుట మఱచితిమి. ఫిలిము నంటిన గాలిబుడగలు ఆ చోటుల మందు తగులనీయలేదు. నెగెటివుపై తెల్లని చుక్కలు, ప్రింటులో ఆమె చెంపపై నల్లని మచ్చలు నేర్పడినవి. మఱియొకటి తీయుద మనుకొంటిమి. రెండు నెలలకే ఆమె స్వర్గస్థులైరి.

నాటినుండి మేము పాటించు పద్ధతి యిది. ముందుగా తలుపు మూసి పది నిమిషములు కూర్చుండవలెను. కన్ను చీకటికి అలవాటుపడగా, సందులలోని వెలుగు కనబడును. అచ్చట నల్లగుడ్డ కుక్కవలెను. ఫిలిము చుట్టు రీలును, చేతులును పొడిగా నుండవలెను. తడి తగిలినచో ఫిలిము చిక్కుకొనును. నలిగినచోట నెలవంకవంటి గుర్తులు పడును.

డెవలపరు 20 డిగ్రీల సెంటీగ్రేడులో నుండుట మంచిది. వేసవిలో మంచుగడ్డలు వేసిన నీటిలో సీసాల నుంచుదుము; శీతకాలపు కొండగాలికి చల్లబడిన నీటిని కొంచెము వెచ్చజేయుదుము. హైపోయు, కడుగు నీరును అదే వేడిమిలో నుండవలెను. వేడిమి హఠాత్తుగా మాఱినచో ఫిలిముపై జెలాటిను పొర ముడుతలు పడును.

కొడాక్ డి-76 వంటి మందు పోయగానే డబ్బాను తట్టి, మొదటి 30 సెకండ్లు ఎడతెగక కదుపవలెను. పిదప ప్రతి 30 సెకండ్లకు 5 సెకండ్లు చాలును. కదుపకున్న మందు అంతటను సమముగా పనిచేయక చారలు పడును.

బోరునీటిలోని సున్నము ఆఱినపిదప తెల్లని మరకలు మిగుల్చును గాన, కడపటి తడుపు డిస్టిల్డు నీటితో చేయుదుము. నీరు సమముగా జాఱుటకు ఫొటో దుకాణములలో నమ్ము మందును కొలదిగా కలుపుదుము. ఫంకా క్రింద ఆఱవేయరాదు, దుమ్ము అంటును. తలుపు మూసిన స్నానపుగది మేలు.

నిదానమే ప్రధానమని పెద్దలన్న మాట వంటకే కాదు, దీనికిని చెల్లును. మచ్చలున్న ఆ చిత్రమే నేటికిని మా గోడపై నున్నది. డబ్బాలో మందు పోసినప్పుడెల్ల, దానివంక చూచిన జ్ఞాపకముతో, మూడుమార్లు తట్టుచుందుము.