నువ్వు పంపిన గేమ్ పెట్టె

భిలాయి

ప్రియమైన నేస్తానికి,

ఇక్కడ అందరం క్షేమం. నువ్వు పంపిన గేమ్ పెట్టె కూడా క్షేమమే. ముందు ఆ మాట రాయాలి, ఎందుకంటే పోయినసారి ఫోన్లో నువ్వు “నడవకపోతే పక్కన పడేయరా, ఇంకోటి చూద్దాం” అన్నావు. పడేయక్కర్లేదు. టీవీ పక్కన చక్కగా నడుస్తోంది. మీవాడూ మావాడూ కలిసి ఆడటం కూడా మొదలెట్టారు. జరిగిందంతా కాగితం మీద పెడుతున్నాను. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు. పైగా అమెరికా నుంచి వచ్చే మనవాళ్లు ఇలాంటి పాత పెట్టెలు సూట్‌కేసుల్లో పెట్టుకుని మేనల్లుళ్లకీ మనవలకీ తెస్తుంటారు కదా, ఈ ఉత్తరం వాళ్లకీ చూపించు.

కరెంటు సంగతి తేలిగ్గానే తేలింది. వెనక చీటీ మీద 100–240 వోల్టులని ఉంది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ అవసరం పడలేదు. వైరు మాత్రం పవర్ హౌస్ బజార్లో ఇక్కడి ప్లగ్గుతో ఉన్నది కొన్నాను. డిస్కు వేస్తే ఆట వచ్చింది. చిక్కల్లా వైఫై దగ్గర. నెట్‌వర్కులు వెతకమంటే పక్కింటి వాళ్లది, ఎదురింటి వాళ్లది, వెనక లైను వాళ్లది అన్నీ వరసగా చూపిస్తోంది. మా ఇంటిది ఒక్కటే లేదు. రూటర్ చూస్తే అదే ఇంట్లో, ముందు గదిలో ఉంది. మా ఫోన్లన్నిటికీ నెట్ బాగానే వస్తోంది.

ఊళ్లో ఒక రిపేరు దుకాణంలో చూపిస్తే లోపల వైఫై బోర్డు పోయింది, మార్చాలన్నారు. నెట్ కంపెనీ కుర్రాడు వచ్చి, ఫోన్లు నడుస్తున్నాయి కాబట్టి రూటర్లో లోపం లేదన్నాడు. రెండు మాటలూ నాకు నచ్చలేదు. బోర్డే పోతే పక్కింటి పేరు ఎలా కనబడుతుంది? స్టీల్ ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంటేషన్ పనిలో మేం పాటించేది ఒకటే: రీడింగ్ రాకపోతే పంపే చోట మాట ఆగిందా, అందుకునే చోట వినికిడి పోయిందా, ముందు అది తేల్చాలి. తేల్చకుండా పార్టు మార్చడం డబ్బు దండగ, మంచి పార్టుకి అన్యాయం కూడా.

అందుకని రూటర్‌ని పక్కన పెట్టి ఫోన్లో హాట్‌స్పాట్ పెట్టాను. అందులో 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్లు ఉంటాయి. 2.4 పెట్టగానే పెట్టెలో నా ఫోను పేరు కనబడింది, కలిసింది, ఆట అప్‌డేట్ కూడా మొదలైంది. 5 పెడితే పేరు మాయం. అంటే పెట్టెకి వినికిడి ఉంది, కాకపోతే ఒక్క బ్యాండే వింటుంది. ఇలాంటి పాత పెట్టెల్లో అది మామూలే. 2013లో వచ్చిన మొదటి ప్లేస్టేషన్ 4కి కూడా 5 గిగాహెర్ట్జ్ లేదు, 2016 నాటి స్లిమ్, ప్రో వచ్చాకే ఆ వరసలో అది చేరింది. ఇంట్లో నెట్ 5లో మాత్రమే ఉంటే అలాంటి పెట్టెకి ఎన్నిసార్లు వెతికించినా కనబడదు.

కానీ మా రూటర్ రెండు బ్యాండ్లూ ఇస్తోంది, రెంటికీ ఒకటే పేరు. ఫోన్లు 5 పట్టుకుని హాయిగా నడుస్తున్నాయి. మరి 2.4 ఉండి కూడా పెట్టెకి ఎందుకు కనబడదు? రూటర్ కింద చీటీ మీద ఉన్న అడ్రసు, 192.168.1.1, బ్రౌజర్లో కొట్టి లోపలికి వెళ్లి చూశాను. ఛానెల్ ‘ఆటో’ అని ఉంది. ఆ పూట నడుస్తున్నది 13. దొంగ అక్కడ దొరికాడు.

2.4 బ్యాండులో మన దేశంలో 13 ఛానెళ్లు వాడుకోవచ్చు. మొదటిది 2412 మెగాహెర్ట్జ్ దగ్గర, అక్కణ్ణుంచి అయిదేసి మెగాహెర్ట్జ్‌కి ఒకటి, పదమూడోది 2472 దగ్గర. అమెరికాలో అమ్మడానికి చేసినవి మామూలుగా 11తో, అంటే 2462 దగ్గర ఆగిపోతాయి. మీ నాన్నగారు రాత్రిపూట విజయవాడ స్టేషన్ కోసం రేడియో ముల్లు తిప్పుతూ కూర్చునేవారు కదా. ముల్లు చివరికొచ్చి ఆగిపోయాక ఆవల ఎంత మంచి పాట వస్తున్నా ఆ రేడియోకి లేనట్టే. నీ పెట్టె సంగతీ అంతే. మా రూటర్ 13లో గొంతు చించుకుంటోంది, పెట్టె 11 దాకా విని, ఎవరూ లేరని చెబుతోంది.

అసలు రూటర్ 13కి ఎందుకు పోయిందో కూడా చెప్పాలి. సెక్టార్లలో క్వార్టర్లు ఎంత దగ్గరో నీకు తెలుసు, ఇప్పుడు ఇంటికో రూటర్. ఒకదానితో ఒకటి కలవకుండా ఉండే ఛానెళ్లు 1, 6, 11 కాబట్టి చుట్టుపక్కలవన్నీ వాటి మీదే కూర్చున్నాయి. ఫోన్లో వైఫై ఎనలైజర్ యాప్ వేసి చూస్తే ఆ మూడు చోట్లా జాతరే. మాది ఖాళీ చోటు చూసుకుని చివరికి జరిగింది. దాని పని అది సరిగ్గానే చేసింది.

మందు చిన్నదే. 2.4కి వేరే పేరు పెట్టాను. ఆటో తీసేసి ఛానెల్ 11 చేశాను, వెడల్పు 20 మెగాహెర్ట్జ్. సేవ్ కొట్టి రూటర్ ఆపి మళ్లీ వేస్తే మా ఇంటి పేరు తెర మీదికి వచ్చింది. మావాడి అరుపు వీధి చివరిదాకా వినబడి ఉంటుంది. నీ దగ్గర అడిగేవాళ్లు ఉంటే ఇంకో రెండు సంగతులు కూడా చెప్పు. రూటర్లో నెట్‌వర్కు పేరు దాచే సెట్టింగ్ ఉంటే తీసేయాలి. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 ఒక్కటే ఉంటే పాత పెట్టెలకి అది తెలియదు, పేరు కనబడినా లోపలికి పోలేవు, డబ్ల్యూపీఏ2 కూడా కలిపి పెట్టాలి.

పేరు వచ్చినా మొదట్లో ఆట మధ్యలో తెగుతుండేది. పాత క్వార్టరు గోడలు, మధ్యలో అమ్మ ఇనప బీరువా. బీరువాని కదపనివ్వలేదు అమ్మ. చివరికి సూపేలాలో ల్యాన్ కేబుల్ కొని గోడ వెంట లాగి పెట్టెకి నేరుగా పెట్టేశాను. వీలున్న వాళ్లకి నా సలహా అదే, కేబుల్ వేసేయండి.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉందిరా. 1959 ఫిబ్రవరి 4న రాజేంద్ర ప్రసాద్ గారు ఇక్కడి స్టీల్ ప్లాంటులో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభించారు. ఆ రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మనవాళ్లు రైలెక్కి వచ్చి ఇక్కడ నిలబడ్డారు. మన చిన్నప్పుడు లైన్లో ఏ గుమ్మం ముందుకెళ్లినా తెలుగే వినబడేది. ఇప్పుడు రిటైరైన వాళ్లు క్వార్టరు ఖాళీ చేసి విశాఖో, హైదరాబాదో పోతున్నారు. పిల్లలు నీలాగ ఇంకా దూరం పోయారు. మావాడి ఈడు తెలుగు పిల్లలు ఈ వీధిలో లేరు. బడిలో హిందీ, వీధిలో హిందీ, నాతో కూడా సగం హిందీ.

మీవాడికి హిందీ రాదు. మీవాడి ఇంగ్లీషు వేగం మావాడికి అందదు. ఆటలో ఆలోచించుకునే తీరిక ఉండదు కదా, ఇద్దరికీ మిగిలింది తెలుగే. హెడ్‌ఫోను పెట్టుకుని “బేగి రా, నీ వెనకాల ఉన్నాడు” అని మావాడు అరిస్తే, అక్కణ్ణుంచి మీవాడు “వస్తన్నాను, ఆగు” అన్నాడట. వంటగదిలో అమ్మ పని ఆపి వింది. నేను ఎన్ని వాచకాలు కొనిచ్చినా వాడు ఇంతసేపు తెలుగు మాట్లాడలేదు.

కాబట్టి నాకో మాట ఇవ్వు. ఇక్కడ శనివారం రాత్రి 8 అంటే ఇప్పుడు మీ న్యూజెర్సీలో ఉదయం 10:30. నవంబరులో మీ గడియారాలు మారాక 9:30. ఆ గంట మీవాడికి ఇంకే క్లాసూ పెట్టకు.

ఇట్లు,
నీ మిత్రుడు